ఊరికొచ్చిన దవాఖానా వాడకొచ్చిందా? ప్రజారోగ్య శాఖలో మార్పులను చదవడం ఎలా

గత 20 ఏళ్లలో మన రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖకు వచ్చినన్ని కొత్త పథకాలు, కొత్త పేర్లు, కొత్త వాహనాలు మరే శాఖకూ వచ్చి ఉండవు. 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ, ఆ వెంటనే 104, 2017లో కేసీఆర్ కిట్, 2018లో బస్తీ దవాఖానాలు, 2023లో ఫ్యామిలీ డాక్టర్. ప్రభుత్వం మారినప్పుడల్లా అంబులెన్సు రంగు మారుతుంది, కార్డు మీద బొమ్మ మారుతుంది. ప్రతిదాన్నీ దేశానికే ఆదర్శమని ప్రకటిస్తారు.

వీటిలో కొన్ని నిజంగానే ప్రాణాలు కాపాడాయి. దాన్ని కాదనడం మా ఉద్దేశం కాదు. మేము అడిగేది వేరే ప్రశ్న. ఒక మార్పు ఫలించిందో లేదో ప్రభుత్వం దేనితో కొలుస్తోంది? జిల్లా సగటుతో, మండల సగటుతో, ఇంకా కిందికి దిగితే ఊరి సగటుతో. ఊరు అన్నప్పుడు అందులో వాడ కూడా ఉందని ఆ లెక్క అనుకుంటుంది. ఊరూ వాడా ఒకటి కావని పుట్టుకతోనే తెలిసినవాళ్లం మనం. అందుకే ఆరోగ్య శాఖలో ఏ కొత్తదనాన్నైనా వాడలో నిలబడి కొలవాలన్నది మా వాదన. అలా కొలవడానికి కావలసిన చరిత్ర, లెక్కలు, చట్టాలు, అడగాల్సిన కాగితాలు విద్యార్థులకూ కార్యకర్తలకూ ఒకచోట దొరకాలని ఈ వ్యాసం.

శాఖ ఎలా తయారైంది

ఈ దేశంలో తొలి సమగ్ర ప్రజారోగ్య చట్టం 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి అది మన చట్టం కూడా. తాగునీరు, మురుగు, అంటువ్యాధులు, సత్రాల శుభ్రత వంటివన్నీ ప్రభుత్వ బాధ్యతేనని అది చెప్పింది. ఆ తర్వాత 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు చెల్లించలేనంత మాత్రాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ నివేదికలోని మూలసూత్రం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ఆలోచన దానిదే. 1952లో సామాజికాభివృద్ధి పథకంతో ఆ కేంద్రాలు మొదలయ్యాయి. అదే కాలంలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేడ్కర్. ఆ శాఖ నియమించిన అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదికే తర్వాత 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి పునాది. ప్రజారోగ్య చరిత్ర పాఠాల్లో భోర్ పేరు కనిపించినంతగా ఈ సంగతి కనిపించదు.

ఇప్పటి నిర్మాణం క్లుప్తంగా ఇది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. 30,000 మందికి, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఆపైన సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి, బోధనాస్పత్రి. 1986లో ఉమ్మడి రాష్ట్రం వైద్య విధాన పరిషత్తును ఏర్పాటు చేసి మధ్య అంచె ఆస్పత్రులను దాని కిందికి తెచ్చింది. కింది కేంద్రాలు ప్రజారోగ్య డైరెక్టర్ దగ్గర, పై ఆస్పత్రులు వైద్య విద్యా డైరెక్టర్ దగ్గర ఉండిపోయాయి. ఒకే రోగి, ఒకే రోగంతో మూడు కార్యాలయాల పరిధి దాటి వెళ్తాడు. రెఫర్ చేసిన చీటీ ఎక్కడ ఆగిపోయిందో అడిగితే ఎవరూ జవాబు చెప్పలేకపోవడానికి ఇదొక కారణం.

ఇక్కడ గమనించాల్సింది ఆ 5,000 అన్న అంకె. అది తల లెక్క. అందులో దూరం లేదు, దారి లేదు, కులం లేదు. 5,000 మందిలో ఊరి మధ్య 3,500 మంది, వాడలో 1,500 మంది ఉంటే ఉపకేంద్రం ఎక్కడ కట్టాలో ఆ నియమం చెప్పదు. స్థలం దొరికిన చోట కడతారు. పంచాయతీ కార్యాలయం పక్కనో, దాత ఇచ్చిన జాగాలోనో. దానం ఇవ్వడానికి భూమి ఎవరికి ఉంటుందో మళ్లీ చెప్పనక్కర్లేదు.

తమిళనాడు సంగతి కొంచెం వేరు. 1939 చట్టం వాళ్లకూ మనకూ ఒకటే. అయితే వైద్యానికీ ప్రజారోగ్యానికీ వేర్వేరు డైరెక్టరేట్లు, ప్రజారోగ్యంలో శిక్షణ పొందిన ప్రత్యేక అధికారుల శ్రేణి వాళ్లు నిలబెట్టుకున్నారు. 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను పెట్టారు. 2021లో రక్తపోటు, మధుమేహం మందులను ఇంటికే తెచ్చిచ్చే పథకం మొదలుపెట్టారు. కులం అక్కడ లేదని కాదు. జబ్బు రాకముందే చేయాల్సిన పనికి ఒక శాఖ, ఒక అధికారి జవాబుదారీగా ఉండటం ఎంత తేడా తెస్తుందో చూపడానికే ఈ ప్రస్తావన. మన దగ్గర వచ్చిన కొత్తదనంలో ఎక్కువ భాగం జబ్బు చేశాక జరిగే పని చుట్టూ తిరిగింది.

గడప దగ్గర ఆగిపోయే సేవ

ఆరోగ్య సేవల్లో అంటరానితనం గురించి మాట్లాడితే వెంటనే వినిపించే మాట, ఇప్పుడెక్కడుందండీ అని. ఎక్కడుందో లెక్కలు చెబుతాయి. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్ తదితరులు 2006లో ప్రచురించిన అధ్యయనం 11 రాష్ట్రాల్లోని 565 ఊళ్లను పరిశీలించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ ఊళ్లలో దాదాపు 33 శాతం చోట ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లకు వెళ్లడానికి నిరాకరిస్తున్నారని తేలింది. సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ ఊళ్లలో దళిత పిల్లల మీద చేసిన పరిశోధన ఇంకా లోతుకు వెళ్లింది. పిల్లలకు వైద్యం దొరికిందా లేదా అన్న దగ్గర ఆగకుండా, ఎలా దొరికిందో అడిగింది. మందు చేతికి ఇచ్చారా, పైనుంచి వేశారా? ముట్టుకుని చూశారా, దూరం నుంచే అడిగి రాశారా? ఎంతసేపు నిలబెట్టారు?

ఈ ప్రశ్నలే ముఖ్యం. ఎందుకంటే శాఖ రిజిస్టరులో ఈ పిల్లవాడు సేవ పొందినవాడే. టిక్కు పడింది, సంఖ్య పైకి వెళ్లింది. అవమానం ఏ గడిలోనూ పడదు. ఆ అవమానం వల్లే మళ్లీసారి వాళ్లమ్మ ఉపకేంద్రానికి బదులు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. జేబులోంచి డబ్బు పెట్టుకుంటుంది. శాఖ నివేదికలో దీన్ని ప్రజల్లో అవగాహనా లోపం అని రాస్తారు.

ఆయుర్దాయం లెక్కలను జాగ్రత్తగా వాడాలి. దళిత స్త్రీలు పైకులాల స్త్రీల కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని ఐక్యరాజ్యసమితి 2018 నివేదికలో వచ్చిన అంకె మన సభల్లో తరచూ వినిపిస్తుంది. అది చనిపోయినవారి సగటు వయసులోని తేడా. పుట్టినప్పటి ఆయుర్దాయం కాదు. జనాభాలో చిన్న వయసువాళ్ల వాటా ఎక్కువ ఉన్నా ఆ సగటు తగ్గుతుంది. ఎదుటివాళ్లు ఈ లోపాన్ని పట్టుకుని మొత్తం వాదననే కొట్టిపారేస్తారు. దానికంటే గట్టి ఆధారం 2022లో సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా ప్రచురించిన పరిశోధన. తొమ్మిది రాష్ట్రాల్లో దాదాపు 2 కోట్ల మంది వివరాలతో వాళ్లు ఆయుర్దాయం లెక్కగట్టారు. పైకులాల హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం 4 ఏళ్లకు పైగా, దళితులది 3 ఏళ్లకు పైగా తక్కువ అని తేలింది. ఈ తేడాలో సగానికంటే తక్కువ భాగాన్నే ఆర్థిక స్థితి వివరించగలిగింది. పేదరికం పోతే అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్లకు ఇదే జవాబు.

ఆ తొమ్మిదింటిలో మన రెండు రాష్ట్రాలు లేవు. ఆ పరిశోధనకు ఆధారమైన సర్వే ఇక్కడ జరగలేదు. నమూనా నమోదు వ్యవస్థ ప్రచురించే ఆయుర్దాయం పట్టికల్లో రాష్ట్రం ఉంటుంది, గ్రామం-పట్టణం ఉంటుంది, ఆడ-మగ ఉంటుంది. కులం ఉండదు. తెలంగాణ మాదిగ స్త్రీ సగటున ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పే అధికారిక పట్టిక లేదు.

కార్డు, కిట్టు, క్లినిక్కు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై ఏడాది తిరగకముందే రాష్ట్రమంతటికీ విస్తరించే దారి పట్టింది. గుండె ఆపరేషన్ అంటే ఇల్లు అమ్ముకోవడమే అనుకున్న కుటుంబాలకు అది పెద్ద ఊరట. వాడల్లో ఆ పథకం మీద ఉన్న అభిమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ దాని అమరిక ఎలా ఉందో చూడాలి. ఆస్పత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకే డబ్బు. చెల్లింపుల్లో పెద్ద వాటా ప్రైవేటు కార్పొరేట్ ఆస్పత్రులకే. క్షయ, మలేరియా వంటివి జాతీయ కార్యక్రమాల్లో ఉన్నాయి కాబట్టి ఇందులో చేర్చలేదు. వాడను ముందుగా పట్టే రోగాలు అవే. ఓపీలో చూపించుకుని నెల నెలా మందులు కొనే ఖర్చు, అంటే కూలి డబ్బులోంచి పోయే ఖర్చు, అలాగే మిగిలిపోయింది.

కార్డు మన ఒంటి మీద ఏం చేయగలదో గర్భసంచి ఆపరేషన్లు చూపించాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇవే మొదటి రెండు స్థానాలు. కార్డుకు ముందే ఈ వ్యాపారం ఉంది. అయితే ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటులో అవసరం లేని ఆపరేషన్లు జరుగుతున్నాయన్న విమర్శ గట్టిపడ్డాక ఆ చికిత్సను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద వేసిన నరేంద్ర గుప్తా కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. బాధితుల్లో అణగారిన కులాల స్త్రీలే ఎక్కువన్నది ఆ పిటిషన్‌లోని ప్రధానాంశం. మన జిల్లాల్లో పర్యవేక్షణ కమిటీ ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది అని అడిగే హక్కు ఆ తీర్పు మనకిచ్చింది.

కేసీఆర్ కిట్ కథ ఇంకో రకం. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు అయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు. తెలంగాణలో ప్రభుత్వ ఆస్పత్రి కాన్పుల వాటా 2015-16లో 30.5 శాతం ఉండగా 2019-20 నాటికి 49.7 శాతానికి చేరింది. జనాన్ని ప్రైవేటు నుంచి ప్రభుత్వ ఆస్పత్రి వైపు తిప్పిన పథకాలు దేశంలో చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి, ఒప్పుకోవాలి. అయితే అదే సర్వేలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం, ప్రైవేటులో అయితే 81.5 శాతం కోత కాన్పులే. పొలం పనికి, కూలికి వెళ్లాల్సిన ఆడమనిషికి కోత అంటే ఏమిటో ఆ అంకె చెప్పదు.

మా దృష్టిలో ఈ 20 ఏళ్లలో వచ్చిన వాటిలో బస్తీ దవాఖానాది సరైన దిశ. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో మొదలైంది. తర్వాత నగరంలోనే 300 దాటాయి. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు, మందులు, రక్తపరీక్షకు నమూనా తీసే ఏర్పాటు. గొప్ప సాంకేతికత ఏమీ లేదు. ఉన్న గొప్పతనమంతా చోటులోనే ఉంది. కమ్యూనిటీ హాలులోనో, వార్డు కార్యాలయంలోనో, బస్తీ లోపలే పెట్టారు. బస్సెక్కి, రోజు కూలి పోగొట్టుకుని పెద్దాస్పత్రి వరసలో నిలబడక్కర్లేదు. ఊళ్లలోనూ ఇదే సూత్రం పాటిస్తే ఉపకేంద్రం వాడలో ఉండాలి, ఊరివాళ్లు వాడకు వచ్చి చూపించుకోవాలి. పల్లె దవాఖానా అన్నా, విలేజ్ క్లినిక్ అన్నా ఈ ఒక్క మార్పు చేయడానికి మాత్రం ఏ ప్రభుత్వమూ సాహసించలేదు. ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, పొద్దున క్లినిక్‌లో చూసి, మధ్యాహ్నం మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లాలని పెట్టారు. మంచి ఆలోచన. ఏ ఇళ్లకు వెళ్లారన్నదే మన ప్రశ్న.

పేర్ల గురించి ఒక మాట. ఆయుష్మాన్ భారత్ కింద తొలి ఆరోగ్య కేంద్రాన్ని 2018 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున ఛత్తీస్‌గఢ్‌లోని జాంగ్లాలో ప్రారంభించారు. 2023 చివర్లో ఆ కేంద్రాలన్నిటికీ ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చమన్నారు. గుడి మెట్లెక్కనివ్వని ఊళ్లు ఇంకా ఉన్న దేశంలో దవాఖానాకు మందిరమని పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో పాఠకులకు తెలుసు.

కింది మెట్టు మీద మన ఆడవాళ్లు

కొత్త పథకం ఏదైనా చివరికి ఒక ఆశా కార్యకర్త కాళ్ల మీదే నడుస్తుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఈ వ్యవస్థలో వెయ్యి మందికి ఒక ఆశా. ఆమెను ఉద్యోగి అనరు, స్వచ్ఛంద సేవకురాలు అంటారు. జీతం అనరు, పారితోషికం అంటారు. పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. అది ఇప్పటికీ సిఫారసే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది. 2023లో తెలంగాణలో రెండో ఏఎన్ఎంలు క్రమబద్ధీకరణ కోసం సమ్మె చేశారు.

ఈ పనిలో కులం రెండు వైపులా కోస్తుంది. వెయ్యి మందికి ఒక్కరే అన్నప్పుడు ఆ ఒక్కరు వాడ నుంచి రావచ్చు, ఊరి నుంచి రావచ్చు. వాడ మనిషైతే ఊళ్లో బాలింతను చూడటానికి వెళ్లినప్పుడు వరండాలోనే నిలబెడతారు. పసిబిడ్డను తూకం వేయడానికి ఆమె చేతికి ఇస్తారా అన్న అనుమానం ఆమెకు ప్రతి గడప దగ్గరా ఉంటుంది. ఊరి మనిషైతే వాడకు వచ్చి వేపచెట్టు కిందో, అంగన్‌వాడీ దగ్గరో అందరినీ రమ్మంటుంది. ఇంటి సందర్శన అని రిజిస్టరులో రాసుకుంటుంది. గిరిజన ప్రాంతాల్లో ఆవాసానికో ఆశా అన్న సడలింపు ఉంది. వాడను కూడా ఒక ఆవాసంగా లెక్కించి ఆశాను నియమించమని అడగడానికి ఏ కొత్త సాంకేతికతా అక్కర్లేదు.

పట్టణాల్లో ప్రజారోగ్య విభాగం అంటే ఎవరో మనలో చాలామందికి తెలుసు. మున్సిపాలిటీ లెక్కల్లో రోడ్లు ఊడ్చే, కాలువలు తీసే మనుషుల అధికారిక పేరు పబ్లిక్ హెల్త్ వర్కర్. మాల, మాదిగ, రెల్లి స్త్రీ పురుషులు తరతరాలుగా చేస్తున్న పనికి శాఖ పెట్టిన పేరు అది. ప్రజల ఆరోగ్యం కాపాడేవాళ్ల ఆరోగ్యం మాత్రం ఆ విభాగం పని కాదు. ఇక్కడ వచ్చిన కొత్తదనం ఎక్కువగా ఔట్‌సోర్సింగ్, ముఖం చూపి వేసే హాజరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు చివర్లో మొదలైన మున్సిపల్ కార్మికుల సమ్మె ప్రధానంగా వేతనం, పర్మినెంట్ చేయడం గురించే.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. 2017లో హైదరాబాద్ జలమండలి, దళిత వాణిజ్య మండలి డిక్కీ కలిసి ఇరుకు గల్లీల్లోకి వెళ్లగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చాయి. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకుండా పని చేయాలన్నది లక్ష్యం. యంత్రాలకు యజమానులుగా దళితులనే పెట్టారు, బ్యాంకు రుణం ఇప్పించారు. తర్వాత ఢిల్లీ కూడా ఇదే నమూనా తీసుకుంది. కులం అంటగట్టిన పనిలో యంత్రానికి యజమాని కావడం విముక్తా, లేక అదే పనికి మళ్లీ కట్టేయడమా అన్న చర్చ మనలో ఉంది, ఉండాలి కూడా. 2013లో చట్టం వచ్చినా, బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పినా మురుగు గుంతల్లో చావులు ఆగలేదు. 2023 అక్టోబరులో బలరామ్ సింగ్ కేసులో కోర్టు ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది.

కులం గడి లేని కంప్యూటర్

2008 నుంచి ఆరోగ్య నిర్వహణ సమాచార వ్యవస్థ నడుస్తోంది. 2021లో కోవిన్ వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరులో డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. 2022 మార్చిలో తెలంగాణ ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటి ఈ-హెల్త్ ప్రొఫైల్ ప్రారంభించింది. కోవిన్‌లో వయసు ఉంది, లింగం ఉంది, కులం లేదు. కాబట్టి టీకా ఎవరికి ఆలస్యంగా చేరిందన్న ప్రశ్నకు కులం వైపు నుంచి జవాబు ఎన్నటికీ దొరకదు. 18-44 ఏళ్లవారికి మొదట్లో ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేశారు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల సంగతేమిటని 2021 మే చివర్లో సుప్రీంకోర్టే ప్రశ్నించింది.

విచిత్రం ఏమిటంటే కింది స్థాయిలో కులం రాస్తున్నారు. గర్భిణి పేరు రాసుకునే ఆర్‌సీహెచ్ రిజిస్టరులో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అన్న గడి ఉంది. ఏఎన్ఎం అడిగి నింపుతుంది. ఆ రిజిస్టరు నుంచి నెలవారీ అంకెలు పైకి వెళ్లి, జిల్లా సమీక్షలో తెర మీదికి వచ్చేసరికి మిగిలేది కేంద్రాల వారీ మొత్తాలే. అంటే సమాచారం లేక కాదు, దాన్ని ఎవరూ చదవక. చదివినా ఎస్సీ అన్న ఒక్క గడి సరిపోదు. మన రాష్ట్రాల్లో మాల పల్లె వేరు, మాదిగ గూడెం వేరు, రెల్లి వీధి వేరు. దవాఖానాకు ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది వాటి మధ్య కూడా మారుతుంది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ తీర్పు వచ్చింది, తెలంగాణ 2025 ఏప్రిల్ నుంచి మూడు గ్రూపులు అమలు చేస్తోంది. ఉద్యోగాలకు పనికొచ్చే విభజన ఆరోగ్య రిజిస్టరుకు ఎందుకు పనికిరాదు? 2024 నవంబరులో తెలంగాణ చేసిన ఇంటింటి సర్వే పేరులో సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ, కుల అన్న మాటలన్నీ ఉన్నాయి. ఆరోగ్యం లేదు.

మన పేరు మీద రాసిన డబ్బు

ఇక అసలు సంగతికి వద్దాం. దళిత సంఘాల సుదీర్ఘ పోరాటం తర్వాత ఉమ్మడి రాష్ట్రం 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం చేసింది. జనాభా నిష్పత్తిలో ప్రణాళికా నిధులను ఎస్సీ, ఎస్టీలకు కేటాయించి, ఖర్చు చేయాలన్నది దాని సారం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 17 శాతం, తెలంగాణలో 15.4 శాతం. చట్టం గడువు పదేళ్లు. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చి, మిగిలిన నిధులను మరుసటి ఏడాదికి తీసుకెళ్లే నిబంధన చేర్చింది.

వైద్య ఆరోగ్య శాఖకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. అయితే లెక్క ఎలా రాయాలో చట్టమే కొన్ని రకాలు చెప్పింది. నేరుగా ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు చేసే ఖర్చయితే మొత్తం రాసుకోవచ్చు. అందరికీ ఉన్న పథకమైతే అందులో ఎస్సీలకు చేరిన మేరకే రాయాలి. విడదీయలేని నిర్మాణాలైతే ప్రభుత్వం నిర్ణయించినంత భాగం ఎస్సీలకు ఖర్చు చేసినట్టు భావించవచ్చు. ఈ చివరి దారే పెద్ద తలుపు. ఒక బోధనాస్పత్రికి 100 కోట్లు ఖర్చయ్యిందనుకుందాం. అందులో 17 కోట్లు ఎస్సీ ఉపప్రణాళిక ఖాతాలో రాస్తారు. ఆ ఆస్పత్రి ఎలాగూ కట్టేదే. వాడకు కొత్తగా ఒక మంచం కూడా రాదు. కాగితం మీద మాత్రం మన ఆరోగ్యానికి 17 కోట్లు ఖర్చయినట్టే. ఉద్యమం దీన్నే నోషనల్ కేటాయింపు అంటుంది.

రెండో దారిలోనూ ఒక చిక్కుముడి ఉంది. అందరి పథకంలో ఎస్సీలకు ఎంత చేరిందో తెలియాలంటే లబ్ధిదారుల కులం నమోదై ఉండాలి. నమోదు లేని చోట జనాభా శాతాన్నే వేసి సరిపెడతారు. 104 వాహనం వాడకు వెళ్లినా వెళ్లకపోయినా దాని డీజిల్‌లో 17 శాతం మనం తాగినట్టే. పైన చెప్పిన కులం గడికీ, ఈ డబ్బుకూ ఉన్న లింకు ఇదే. గడి లేకపోవడం పొరపాటుగా మొదలై ఉండవచ్చు, ఇప్పుడది సౌకర్యం. ఇదే డబ్బును నిజంగా వాడల్లో ఉపకేంద్రాల భవనాలకు, వాడ ఆశాల జీతాలకు, సికిల్ సెల్, క్షయ పరీక్షలకు, పారిశుధ్య కార్మికుల వార్షిక వైద్య పరీక్షలకు ఖర్చు చేస్తే మొత్తం రాసుకోవడానికి చట్టంలో వీలుంది.

చేతిలో ఉన్న చట్టాలు, అడగాల్సిన కాగితాలు

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం అంటరానితనం కారణంగా ఆస్పత్రిలో చేర్చుకోకపోవడం నేరం. చేర్చుకున్న తర్వాత వివక్ష చూపినా నేరమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆస్పత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పేరు పెట్టి చేర్చింది. వాటిలోకి వెళ్లకుండా అడ్డుకుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. గడప దాకా వచ్చి ఆగిపోయే నర్సు మీద ఈ సెక్షన్లు అంత సులభంగా పనిచేయవు. అక్కడ పనికొచ్చేది కాగితమే.

ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని, ప్రతి ఆవాసానికీ, ఎస్సీ, ఎస్టీలకూ ప్రాతినిధ్యం ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏటా 10,000 రూపాయల నిర్బంధం లేని నిధి ఆ కమిటీది. చిన్న మొత్తమే. అయినా వాడలో మురుగు నిలిచిన చోట బ్లీచింగ్ చల్లారా, ఊరి కూడలిలోనే చల్లారా అన్నది ఆ ఖర్చు వివరాల్లో తెలుస్తుంది. సంతకాల పుస్తకంలో వాడ సభ్యురాలి వేలిముద్ర ఉందా, ఆమెకు సమావేశం సంగతి తెలుసా అన్నదీ తెలుస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తులో విధానాల గురించి పెద్ద ప్రశ్నలు అడిగితే పెద్ద జవాబులే వస్తాయి. రిజిస్టరు నకలు అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో: మీ పరిధిలోని ఉపకేంద్రాలు ఏ సర్వే నంబరులో, ఏ వీధిలో ఉన్నాయి, ఎస్సీ కాలనీ నుంచి దూరం ఎంత, గత ఆరు నెలల్లో 104 వాహనం ఆగిన చోట్ల జాబితా, డాక్టరు ఇంటి సందర్శనలకు వెళ్లిన ఇళ్లు ఏ వీధుల్లో ఉన్నాయి, పేర్లు వద్దు, ఆర్‌సీహెచ్ రిజిస్టరులో కులం గడి వారీగా నమోదైన గర్భిణులు, నాలుగు పరీక్షలు పూర్తయినవారు, కోత కాన్పులు. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో: ఎస్సీ ఉపప్రణాళిక కింద చూపిన ఖర్చు పనుల వారీగా, ప్రతి పనీ ఏ ఆవాసంలో జరిగింది, ఎంత శాతం, ఏ ఉత్తర్వు ప్రకారం రాశారు. మున్సిపాలిటీలో: ప్రజారోగ్య విభాగం కార్మికుల చివరి వైద్య పరీక్ష తేదీ, ఇచ్చిన గ్లౌజులు, బూట్ల స్టాకు రిజిస్టరు.

గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు తెల్లకార్డు నకలు జతచేస్తే అదీ కట్టనక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ తర్వాత 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు.